బండి సస్పెన్షన్ సెట్టింగ్: హైదరాబాద్ రోడ్ల మీద తిరిగేవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

సర్వీసింగ్ చేయించినా బండి ఎగిరెగిరి పడుతోందని, మలుపులో హ్యాండిల్ మాట వినడం లేదని, షాకప్‌లు మార్చెయ్యమంటారా అని చాలామంది అడుగుతుంటారు. మళ్ళీ మళ్ళీ అవే సందేహాలు వస్తున్నాయి కాబట్టి జవాబులన్నీ ఒకచోట పెట్టాను. షోరూం నుంచి వచ్చిన సెట్టింగ్ మీ బరువు చూసి పెట్టింది కాదు. చాలా బళ్ళకు కొత్త షాకప్ అక్కర్లేదు, ఉన్నదాన్ని మీకు తగ్గట్టు తిప్పుకుంటే చాలు. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోవచ్చు.

## స్పానర్ పట్టుకునే ముందు

నా బండికి అసలు ఏమేం అడ్జస్ట్ అవుతాయి?

బండిని బట్టి ఉంటుంది. స్ప్లెండర్ లాంటి బళ్ళకు వెనక రెండు షాకప్‌లకూ ఐదేసి మెట్ల ప్రీలోడ్ (స్ప్రింగ్‌ని ముందే కొంత నొక్కి ఉంచే సెట్టింగ్) ఉంటుంది, ముందు ఫోర్కుకు (ముందు చక్రాన్ని పట్టుకునే రెండు కాళ్ళకు) బయటి నుంచి తిప్పేదేమీ ఉండదు. 2021లో వచ్చిన కొత్త క్లాసిక్ 350కి వెనక ఆరు మెట్లు. హిమాలయన్ 450కి వెనక మోనోషాక్ (ఒకే షాకప్) ప్రీలోడ్ ఒక్కటే మారుతుంది. 2023 నుంచి వస్తున్న కేటీఎం 390 డ్యూక్‌కైతే ముందు కంప్రెషన్ (కుంగే వేగం), రీబౌండ్ (తిరిగి లేచే వేగం), వెనక ప్రీలోడ్, రీబౌండ్ అన్నీ తిప్పుకోవచ్చు. బయట ఏమీ తిప్పలేని ఫోర్కుల్లో కూడా ఆయిల్, స్ప్రింగ్ మార్చి తేడా తేవచ్చు. మీ బండికి ఏమేం ఉన్నాయో ఓనర్స్ మాన్యువల్‌లో బొమ్మతో సహా ఇస్తారు. ముందు ఆ పేజీ తీయండి.

బండి సరిగ్గా తిరగట్లేదు. తప్పు షాకప్‌దేనా?

చాలాసార్లు కాదు. మొదట టైర్లలో గాలి చూడండి. పంచర్లు తగ్గుతాయని బంకులో ఎక్కువ కొట్టించుకునేవాళ్ళు మనలో చాలామంది. అలా కొట్టిస్తే టైరే రాయిలా మారి ప్రతి గతుకూ నేరుగా నడుముకు తగులుతుంది. పొద్దున్నే బండి నడపకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు, చైన్ కవర్ మీదో స్వింగార్మ్ (వెనక చక్రాన్ని పట్టుకుని పైకీ కిందికీ కదిలే చేయి) మీదో ఉన్న స్టిక్కర్ ప్రకారం పెట్టించండి.

తర్వాత స్టీరింగ్ కోన్ సెట్, అంటే హ్యాండిల్ తిరిగే బేరింగులు. సెంటర్ స్టాండ్ వేసి, వెనక ఎవరైనా నొక్కితే ముందు చక్రం పైకి లేస్తుంది. అప్పుడు హ్యాండిల్‌ని నెమ్మదిగా అటూ ఇటూ తిప్పండి. సరిగ్గా మధ్యకు రాగానే గాడిలో పడినట్టు ఆగితే కోన్ సెట్ అరిగింది. ఫోర్కు అడుగుభాగం పట్టుకుని ముందుకీ వెనక్కీ లాగితే టకటకమంటే అది లూజైంది. వెనక చక్రాన్ని పక్కలకు ఊపినప్పుడు స్వింగార్మ్ దగ్గర లూజుగా కదులుతుంటే బుష్‌లు పోయాయి. ఈ మూడింట్లో ఏదున్నా సస్పెన్షన్ ఎంత తిప్పినా ఫలితం ఉండదు, ముందు వాటిని బాగు చేయించండి.

ప్రీలోడ్ పెంచితే స్ప్రింగ్ గట్టిపడుతుందా?

గట్టిపడదు. మీరు కూర్చోకముందే స్ప్రింగ్‌ని కొంత నొక్కి ఉంచడమే ప్రీలోడ్. దాన్ని పెంచితే బండి ఎత్తు పెరుగుతుంది, మీరు కూర్చున్నప్పుడు తక్కువ దిగుతుంది. స్ప్రింగ్ గుణం మాత్రం అదే. మెత్తటి స్ప్రింగ్‌కి ఎంత ప్రీలోడ్ పెట్టినా అది మెత్తటి స్ప్రింగే. డ్యాంపింగ్ వేరు. స్ప్రింగ్ ఎంత వేగంగా కుంగాలో, ఎంత వేగంగా తిరిగి లేవాలో లోపలి ఆయిల్ చిన్న రంధ్రాల గుండా పారుతూ నిర్ణయిస్తుంది. కుంగేటప్పటిది కంప్రెషన్, లేచేటప్పటిది రీబౌండ్.

ఫుల్ టైట్ పెడితే బండి స్టేబుల్‌గా ఉంటుందంటారు, నిజమేనా?

కొత్తగా వేసిన నున్నటి తారు మీద అలా అనిపిస్తుంది. మన ఊళ్ళో అలాంటి రోడ్డు ఎంత దూరం దొరుకుతుంది? మ్యాన్‌హోల్ మూత, కేబుల్ కోసం తవ్వి పూడ్చిన గాడి, ఫ్లైఓవర్ జాయింట్, వరసగా నాలుగు రంబుల్ స్ట్రిప్‌లు వస్తూనే ఉంటాయి. సస్పెన్షన్ మరీ గట్టిగా ఉంటే చక్రం గతుకును అనుసరించలేక గాల్లోకి లేస్తుంది. చక్రం గాల్లో ఉన్న ఆ క్షణంలో బ్రేకూ పనిచేయదు, హ్యాండిలూ పనిచేయదు. టైరు రోడ్డును వదలకుండా ఉండడానికే సస్పెన్షన్ ఉంది, నడుముకు సుఖం దాని తర్వాతే. ఈ ఒక్క విషయంలో నేను గట్టిగా చెబుతాను: మన రోడ్లకు ఫుల్ టైట్ అనేది వెనక నిజంగా బరువు ఉన్నప్పుడు మాత్రమే.

## వెనక షాకప్, స్యాగ్

స్యాగ్ అంటే ఏంటి, ఎంత ఉండాలి?

బండి మీద బరువు పడ్డప్పుడు సస్పెన్షన్ ఎంత దిగిందన్నదే స్యాగ్. బండి సొంత బరువుకు దిగేది ఒకటి, మీరు కూర్చున్నాక మొత్తం దిగేది ఇంకొకటి. రోడ్డు మీద నడిపే బండికి మీరు కూర్చున్నాక మొత్తం కదలికలో 30 శాతం అటూ ఇటూ దిగాలి. కదలిక 100 మిల్లీమీటర్లైతే 30 దాకా, హిమాలయన్ 450లా 200 మిల్లీమీటర్లుంటే 60 దాకా. ఈ దిగుడు ఎందుకంటే, గుంత వచ్చినప్పుడు చక్రం కిందికి సాగి నేలను పట్టుకోవాలి. అసలు దిగకపోతే సాగడానికి చోటే ఉండదు. మరీ దిగితే స్పీడ్ బ్రేకర్ దగ్గర కుంగడానికి చోటు మిగలదు.

ఇంట్లోనే స్యాగ్ ఎలా కొలవాలి?

ఒక కొలత టేపు, ఇద్దరు మనుషులు చాలు. అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో చదునైన చోట పావుగంట పని.

వెనక యాక్సిల్ నట్టు మధ్య నుంచి నిట్టనిలువుగా పైకి చూసి, సీటు కింది ప్యానెల్ మీద గుర్తుగా చిన్న ప్లాస్టర్ ముక్క అంటించండి. ఇక నుంచి ప్రతి కొలతా ఆ రెండు గుర్తుల మధ్యే. మొదటి కొలత చక్రం పూర్తిగా వేలాడుతున్నప్పుడు. సెంటర్ స్టాండ్ ఉంటే సులువు, వెనక చక్రం నేలకు తగలకుండా ఉందో లేదో చూసుకోండి చాలు. స్టాండ్ లేని బళ్ళకు చాలామంది ప్యాడాక్ స్టాండ్ వాడతారు. దాంతో ఈ కొలత రాదు, ఎందుకంటే అది స్వింగార్మ్‌నే పట్టుకుని లేపుతుంది, బరువంతా షాకప్ మీదే ఉంటుంది. బండిని సైడ్ స్టాండ్ వైపు ఒరిగించి, వెనక పట్టుకునే రాడ్‌తో ఒకరు పైకెత్తితే చక్రం లేస్తుంది, అప్పుడు కొలవండి.

రెండో కొలత బండి నేల మీద నిటారుగా, మీద ఎవరూ లేకుండా. మూడోది మీరు రోజూ వేసుకునే హెల్మెట్, జాకెట్, బ్యాగుతో సహా కూర్చుని, కాళ్ళు ఫుట్‌రెస్టుల మీద పెట్టినప్పుడు. ముందు ఒకరు హ్యాండిల్ పట్టుకోవాలి, ఇంకొకరు కొలవాలి. మూడో మనిషి లేకపోతే గోడకు మోచేయి ఆనించి బ్యాలెన్స్ చేసుకోవచ్చు.

కూర్చోగానే కొలిచేయకండి. లోపలి సీళ్ళ ఒరిపిడి వల్ల షాకప్ ఎక్కడో ఒకచోట పట్టుకుని ఆగుతుంది. బండిని ఒకసారి కిందికి నొక్కి నెమ్మదిగా వదిలి కొలవండి, ఇంకోసారి కాస్త పైకెత్తి నెమ్మదిగా దించి కొలవండి, రెండింటి సగటు తీసుకోండి. మొదటి కొలతలోంచి మూడోది తీసేస్తే మీతో కలిపి స్యాగ్. మొదటిదాంట్లోంచి రెండోది తీసేస్తే ఖాళీ బండి స్యాగ్. రెండూ ఫోన్‌లో రాసుకోండి.

స్యాగ్ ఎక్కువ వచ్చింది. ఎటు తిప్పాలి, ఎలా తిప్పాలి?

ఎక్కువ దిగుతుంటే ప్రీలోడ్ పెంచాలి, తక్కువ దిగుతుంటే తగ్గించాలి. మెట్ల కాలర్ ఉన్న షాకప్‌ని దగ్గరగా చూస్తే, స్ప్రింగ్ చివర ఉన్న రింగు అంచు మెట్లమెట్లుగా కోసి ఉంటుంది, షాకప్ ఒంటికి ఉన్న చిన్న కొమ్ము ఏదో ఒక మెట్టులో కూర్చుని ఉంటుంది. ఆ కొమ్ము ఏ మెట్టులో ఉంటే స్ప్రింగ్ ఎక్కువ నొక్కుకుంటుందో అదే గట్టి సెట్టింగ్.

బండి కొన్న దగ్గర్నుంచీ ముట్టుకోకపోతే ఆ మెట్ల సందుల్లో మట్టి, చైన్ గ్రీజు కలిసి గడ్డకట్టి ఉంటాయి. పాత టూత్‌బ్రష్‌తో గీకి, తుప్పు స్ప్రే కొట్టి పది నిమిషాలు ఆగండి. సెంటర్ స్టాండ్ వేసి స్ప్రింగ్ మీద బరువు లేకుండా చూసుకున్నాక, టూల్ కిట్‌లోని సి స్పానర్ (సి ఆకారపు కొక్కెం ఉన్నది) పెట్టి తిప్పండి. టూల్ కిట్ పోయి ఉంటే పుట్లీబౌలిలోనో రాణిగంజ్‌లోనో అడిగి కొనుక్కోండి. స్క్రూడ్రైవర్ పెట్టి సుత్తితో కొట్టొద్దు, కాలర్ అంచు విరుగుతుంది. స్పానర్ జారితే వేళ్ళు సైలెన్సర్‌కి కొట్టుకుంటాయి కాబట్టి ఇంజిన్ చల్లారాకే, గ్లవ్స్ వేసుకుని చేయండి. రెండు షాకప్‌లున్న బండికి రెండు పక్కలా ఒకే మెట్టు ఉండి తీరాలి.

తిప్పాక మళ్ళీ స్యాగ్ కొలవండి. చైన్ లూజు కూడా చూసుకోండి, వెనక ఎత్తు మారితే అది కూడా కాస్త మారుతుంది.

భార్యనీ పిల్లనీ ఎక్కించుకుంటే స్పీడ్ బ్రేకర్ కిందికి తగులుతోంది. ఏం చేయాలి?

వెనక ప్రీలోడ్ పెంచండి, టైరు గాలి డబుల్స్‌కి చెప్పినంత పెట్టించండి. కింద తగలడం ఒక్కటే సమస్య అనుకోవద్దు. వెనక బాగా దిగితే ముందు చక్రం మీద బరువు తగ్గుతుంది, హ్యాండిల్ తేలికై ఊగుతుంది, బండి మలుపులో బయటికి వెళ్తుంది, రాత్రి హెడ్‌లైట్ ఎదుటివాళ్ళ కళ్ళలో పడుతుంది. కుటుంబంతో వెళ్ళేటప్పుడే బండి బాగా నిలబడాలి. ఆదివారం చార్మినార్ వైపో చిలుకూరుకో డబుల్స్ వెళ్ళేముందు రెండు మెట్లు పెంచి, సోమవారం ఒంటరిగా ఆఫీసుకెళ్ళేముందు తగ్గించడం పెద్ద పనేం కాదు. రోజంతా వెనక డెలివరీ బ్యాగుతో తిరిగేవాళ్ళు ఆ బ్యాగు నిండుగా ఉన్నప్పుడే స్యాగ్ కొలిచి అక్కడే ఉంచుకోవాలి.

నేను బాగా బరువు. చివరి మెట్టు పెట్టినా దిగిపోతోంది.

అప్పుడు మీ స్ప్రింగే మీకు చాలదు. ఇంకో గుర్తు కూడా ఉంది. మీరు కూర్చున్నప్పుడు స్యాగ్ సరిగ్గా ఉండి, ఖాళీ బండి మాత్రం ఒక్క మిల్లీమీటరు కూడా దిగకపోతే స్ప్రింగ్ మెత్తన, దాన్ని ప్రీలోడ్‌తో బలవంతంగా నిలబెట్టారన్నమాట. తేలికపాటి మనిషికి దీనికి ఉల్టా జరుగుతుంది: తనతో కలిపి స్యాగ్ సరిపోతుంది కానీ ఖాళీ బండే చాలా దిగిపోతుంది, అంటే స్ప్రింగ్ మరీ గట్టిది. రెండు సందర్భాల్లోనూ స్ప్రింగ్ మార్చుకోవడమే దారి.

## ముందు ఫోర్కు

బ్రేక్ వేస్తే ముందు భాగం బాగా కుంగుతోంది. తప్పా?

కుంగడం సహజం, బ్రేక్ వేస్తే బరువు ముందుకే వస్తుంది. అలా వస్తేనే ముందు టైరు రోడ్డును గట్టిగా పట్టుకుంటుంది. ధడేల్‌మని ఒక్కసారిగా కుంగి చివర కొట్టుకుంటేనే తప్పు. దీన్ని చూడ్డానికి ఫోర్కు మెరిసే రాడ్ చుట్టూ, దుమ్ము సీల్‌కి ఆనించి, సన్నటి కేబుల్ టై కట్టండి. రాడ్ మీద కదిలేంత వదులుగా ఉండాలి. రోజూ తిరిగే దారిలో ఒకసారి తిరిగి రండి. సీల్ ఆ టైని నెట్టుకుంటూ వెళ్ళి, ఎంత దూరం కుంగిందో అక్కడ వదిలేస్తుంది. గట్టి బ్రేకులు, గుంతలు అన్నీ అయ్యాక కూడా చివర్లో కొద్దిగా మిగిలి ఉంటే బాగున్నట్టే. ఏమీ మిగలకపోతే ఫోర్కు మెత్తగా ఉంది లేదా ఆయిల్ అయిపోయింది. సగం కూడా వాడకపోతే మీకు అది మరీ గట్టిది.

ఫోర్క్ ఆయిల్ మార్చాలా? చిక్కటిది పోస్తే మంచిదంటున్నారు.

ఇంజిన్ ఆయిల్ గురించి అందరూ అడుగుతారు, ఫోర్క్ ఆయిల్ గురించి ఎవరూ అడగరు. అది కూడా పాడవుతుంది. నల్లబడి, పల్చబడి, లోపల అరిగిన లోహపు పొడితో నిండుతుంది. ఎన్ని కిలోమీటర్లకు మార్చాలో మాన్యువల్‌లో ఉంటుంది, గతుకుల్లోనే తిరిగే బండికి అంతకంటే ముందే మార్చడం నయం. పాత బండి తీసుకుంటే మొదట చేయించాల్సిన పని ఇదే.

చిక్కదనం విషయంలో తొందరపడొద్దు. చిక్కటి ఆయిల్ పోస్తే కుంగడమే కాదు, లేవడం కూడా నెమ్మదిస్తుంది. డబ్ల్యూ ముందు అంకె ఎంత పెద్దదైతే ఆయిల్ అంత చిక్కన; కంపెనీ 10డబ్ల్యూ చెబితే కావాలంటే 15డబ్ల్యూ దాకా వెళ్ళొచ్చు, ఒక మెట్టు దాటొద్దు. ఇంజిన్ ఆయిల్ మాత్రం ఒప్పుకోకండి, 20డబ్ల్యూ-50 ఫోర్కుకు చాలా చిక్కన. అన్నిటికంటే ముఖ్యం కొలత. కంటి అంచనాతో పోస్తే ఒక కాలికి ఎక్కువ, ఒక కాలికి తక్కువ అవుతుంది. మిల్లీలీటర్ల గీతలున్న జార్‌తో, రెండు కాళ్ళకూ మాన్యువల్‌లో చెప్పినంతే పోయించండి. ఆయిల్ ఎక్కువైతే పైన గాలికి చోటు తగ్గి ఫోర్కు చివర్లో బిగుసుకుంటుంది, సీళ్ళు కూడా తన్నేస్తాయి.

ఫోర్కు మీద ఆయిల్ గీత కనిపిస్తోంది. కొన్నాళ్ళు ఆగొచ్చా?

ఆగొద్దు. ఆ ఆయిల్ కారి బ్రేక్ డిస్క్ మీద పడితే ముందు బ్రేక్ పట్టదు. కొన్నిసార్లు సీల్ పెదవి కింద మట్టి రేణువు ఇరుక్కోవడం వల్ల కూడా కారుతుంది, దుమ్ము సీల్ దించి శుభ్రం చేస్తే ఆగుతుంది. రాడ్ మీద వేలు పెట్టి పైనుంచి కిందికి రాయండి. గోరుకు తగిలే తుప్పు చుక్క ఉంటే కొత్త సీల్ కూడా త్వరగా చిరిగిపోతుంది. ముందు ఆ రాడ్ సంగతి చూడాలి.

పెద్ద గుంతలో పడ్డాక హ్యాండిల్ పక్కకి ఉంది.

చాలాసార్లు రాడ్ వంగదు, రెండు ఫోర్కు కాళ్ళూ క్లాంపుల్లో (వాటిని పట్టి ఉంచే బిగింపుల్లో) మెలి తిరుగుతాయి. యాక్సిల్, క్లాంప్ బోల్టులు లూజు చేసి, సరిచేసి, కొన్నిసార్లు ఫోర్కును కుంగదీసి, మళ్ళీ సరైన బిగువుతో బిగిస్తే కుదురుతుంది. ఇది మెకానిక్ పని. రిమ్ వంకర పోయిందేమో కూడా అప్పుడే చూపించండి.

## క్లిక్కులున్న బళ్ళు

రీబౌండ్, కంప్రెషన్ ఎక్కడ మొదలుపెట్టాలి?

కంపెనీ ఇచ్చిన సెట్టింగ్ దగ్గర. ఈ బళ్ళకు రీబౌండ్, కంప్రెషన్ స్క్రూలు తిప్పితే మెట్టుమెట్టుకీ క్లిక్కుమంటాయి. మొదట స్క్రూని సవ్యదిశలో ఆగేదాకా మెల్లగా మూయండి, ఎన్ని క్లిక్కులు వచ్చాయో లెక్కపెట్టి రాసుకుని, మళ్ళీ అన్నే క్లిక్కులు వెనక్కి తిప్పండి. అదే మీరు ఎప్పుడైనా వెనక్కి రాగలిగే చోటు. ఆగిన తర్వాత బలం పెట్టకండి, లోపలి సూది మొన దెబ్బతింటుంది. ప్రీలోడ్, స్యాగ్ కుదిరాకే క్లిక్కుల జోలికి వెళ్ళాలి. ఒకసారికి ఒక్కటే మార్చండి, రెండు కలిపి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

రీబౌండ్ ఎక్కువైందా తక్కువైందా ఎలా తెలుస్తుంది?

బండి పక్కన నిలబడి సీటు వెనక భాగాన్ని గట్టిగా కిందికి నొక్కి వదలండి. ఒక్కసారి లేచి నిలకడగా ఆగాలి. లేచి, మళ్ళీ కుంగి, మళ్ళీ లేస్తే రీబౌండ్ తక్కువ. జిగురులో ఉన్నట్టు మెల్లగా లేస్తే ఎక్కువ.

రోడ్డు మీద గుర్తులు ఇంకా స్పష్టం. స్పీడ్ బ్రేకర్ దిగాక బండి ఇంకా ఊగుతుంటే రీబౌండ్ తక్కువ. వరస రంబుల్ స్ట్రిప్‌ల మీద మొదటిది మెత్తగా దాటి నాలుగోదానికి కొరడాలా కొడుతుంటే ఎక్కువ: ఒక గతుకు నుంచి పూర్తిగా లేవకముందే తర్వాతది వచ్చేస్తోంది, సస్పెన్షన్ కిందికే పేరుకుపోతోంది. చాలామంది దీన్ని గట్టి స్ప్రింగ్ అనుకుని ప్రీలోడ్ తగ్గిస్తారు, అప్పుడు ఇంకా కష్టమవుతుంది.

## రోడ్డు మీద

సెట్టింగ్ మార్చాక ఎక్కడ నడిపి చూడాలి?

మీకు బాగా అలవాటైన దారిలో. ఒక స్పీడ్ బ్రేకర్, కాస్త గతుకుల ముక్క, ఒక మలుపు, ఒక మంచి బ్రేకింగ్ చోటు ఉంటే చాలు, ఇంటి చుట్టూ రెండు మూడు కిలోమీటర్లలో దొరుకుతాయి. తెల్లవారుజామున, మామూలు వేగంతో చూడండి. ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మెయిన్ రోడ్డు మీదికి టూవీలర్లకు అనుమతి లేదు, సర్వీస్ రోడ్డులో ఆగి ఉన్న లారీలు ఎక్కువ. చేవెళ్ళ దారిలో మర్రిచెట్లు రోడ్డును ఆనుకునే ఉంటాయి, అక్కడ ప్రయోగాలు వద్దు.

అనంతగిరి మలుపుల్లో బండి బయటికి లాగుతోంది.

ముందు వెనక స్యాగ్ చూడండి. వెనక ఎక్కువ దిగి ఉంటే ముందు భాగం పైకి లేచి స్టీరింగ్ బద్ధకంగా ఉంటుంది. ఒకటి రెండు మెట్లు పెంచితేనే తేడా తెలుస్తుంది. ఫోర్కు రాడ్లను క్లాంపుల్లో పైకి జరిపితే కూడా బండి చురుగ్గా తిరుగుతుంది, కానీ 5 మిల్లీమీటర్లకు మించొద్దు, రెండు పక్కలా సమానంగా ఉండాలి, పూర్తిగా కుంగినప్పుడు మడ్‌గార్డ్ దేనికీ తగలకూడదు. అలా చేశాక హైవే మీద హ్యాండిల్ మరీ తేలికనిపిస్తే వెనక్కి పెట్టేయండి.

ఎండాకాలం, వానాకాలం సెట్టింగ్ వేరా?

వానలో కాస్త మెత్తగా ఉంటే పట్టు బాగుంటుంది. కంప్రెషన్ క్లిక్కులుంటే ఒకటి రెండు తగ్గించండి. మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీలు దాటినప్పుడు ఆయిల్ పల్చబడి షాకప్ వదులైనట్టు ఉంటుంది, రీబౌండ్ ఒక క్లిక్కు పెంచితే చాలు. క్లిక్కుల్లేని బళ్ళకు సీజన్‌కో మార్పు అక్కర్లేదు, గాలి చూసుకోండి.

## డబ్బు పెట్టే ముందు

గ్యాస్ షాకప్ వేయిస్తే బాగుంటుందా?

పాతది కారుతుంటేనో, నొక్కి వదిలితే ఎన్నిసార్లు పడితే అన్నిసార్లు ఊగుతుంటేనో వేయించండి. నైట్రోజన్ గ్యాస్ ఒత్తిడి వల్ల లోపలి ఆయిల్ నురగ కట్టదు, గతుకుల్లో గంటసేపు నడిపినా డ్యాంపింగ్ నిలుస్తుంది. అంతవరకు లాభం నిజమే. కానీ మీ బండి పొడవు, మీ బరువుకు తగ్గ స్ప్రింగ్ కాకపోతే ఆ లాభం కనిపించదు. రంగు చూసి, పక్కన తగిలించిన డబ్బా చూసి కొనకండి. వారంటీలో ఉన్న బండికి సర్వీస్ సెంటర్‌లో ముందే అడగండి. గ్యాస్ షాకప్‌ని సొంతంగా విప్పడం, వేడి చేయడం ప్రమాదం.

కాళ్ళు అందట్లేదు, బండి కిందికి దింపించనా?

ముందు సీటు ఫోమ్ తగ్గించి చూడండి. షాకప్ పొట్టిది వేస్తే స్పీడ్ బ్రేకర్లకు కింద తగులుతుంది, సైడ్ స్టాండ్ వేస్తే బండి నిటారుగా నిలబడి పడిపోతుంది, మలుపులో ఫుట్‌రెస్ట్ ముందే గీసుకుంటుంది.

స్కూటర్‌కి కూడా ఇవన్నీ వర్తిస్తాయా?

స్యాగ్, గాలి విషయాలు వర్తిస్తాయి. స్కూటర్‌కి ఇంజిన్ కూడా చక్రంతో పాటే పైకీ కిందికీ కదులుతుంది, కాబట్టి మోటార్‌సైకిల్ అంత మెత్తదనం రాదు. మీ స్కూటర్ వెనక షాకప్‌కి మెట్లుంటే ఒంటరికి మొదటిది, డబుల్స్‌కి తర్వాతది వాడండి.

ఒకసారి సెట్ చేశాక మళ్ళీ ఎప్పుడు చూడాలి?

ప్రతి సర్వీసుకూ స్యాగ్ ఒకసారి కొలవండి. అదే మెట్టులో, అదే బరువుతో స్యాగ్ నెమ్మదిగా పెరుగుతుంటే స్ప్రింగ్ అలసిపోతోంది. సర్వీస్ సెంటర్‌లో బండి ఇచ్చేముందు షాకప్ ఏ మెట్టులో ఉందో ఫోటో తీసుకోండి, తీసుకునేటప్పుడు పోల్చి చూడండి. చక్రం విప్పి బిగించినప్పుడు రెండు పక్కలా వేర్వేరు మెట్లలో వదిలేసిన బళ్ళు కనిపిస్తూనే ఉంటాయి.